సవరణ: వాడిన బాడీ పార్టులకు అయస్కాంతం పరీక్ష

పాత కారుకు వాడిన బాడీ పార్టులు కొనేటప్పుడు అయస్కాంతం అంటుకోకపోతే పెయింట్ కింద పుట్టీ (సొట్టలు పూడ్చే ముద్ద) ఉన్నట్టేనని ముందు రాశాను. అది స్టీలు రేకుకే వర్తిస్తుంది. కొన్ని మోడళ్లలో బానెట్ అల్యూమినియం, ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే భాగం) ప్లాస్టిక్. వాటికి ఎలాగూ అంటుకోదు. పుట్టీ పల్చగా ఉంటే స్టీలు మీద అంటుకుంటుంది కూడా, కాకపోతే పట్టు తగ్గుతుంది. అందుకే రేకంతా జరుపుతూ చూడండి. (మధ్యలో పల్చటి గుడ్డ పెట్టండి, గీత పడితే అమ్మేవాళ్లతో గొడవ.)

డోర్ అయితే నేను ముందు చూసేది కింది అంచునే. బయటి రేకును లోపలికి మడిచిన చోట నీళ్లు నిలిచి తుప్పు మొదలవుతుంది. అక్కడ పెయింట్ ఉబ్బి ఉంటే, పైన ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

ఇంకొకటి, పార్టు సరిపోవడానికి "మోడల్ ఒకటైతే చాలు" అని కూడా ముందు అన్నాను కదా, కానీ ఫేస్‌లిఫ్ట్‌లో (అదే మోడల్‌ను కంపెనీ రూపం కాస్త మార్చి తెచ్చినప్పుడు) హెడ్‌లైట్ ఆకారం మారితే ఫెండర్, బంపర్ కూర్చోకపోవచ్చు. తయారైన సంవత్సరం కూడా అడగండి.