వెనక్కి తిప్పి పంపే కొండ

మేం బాక్స్‌టర్ స్టేట్ పార్కు గేటు దగ్గరికి చేరేసరికి ఉదయం ఏడున్నర. పార్కింగ్ ముందే బుక్ చేసుకున్నాం గానీ, ఏడింటికల్లా రాకపోతే ఆ చోటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారన్న ముక్క మాలో ఒక్కరూ చదవలేదు. అంతకుముందు రోజు బోస్టన్ నుంచి ఐదు గంటలకు పైగా కారు నడిపి, మిలినాకెట్‌లో రాత్రి పడుకుని, పులిహోర డబ్బాతో సహా దిగిన నలుగురికీ రేంజర్ మర్యాదగానే చెప్పింది: కటాడిన్ కొండ ఎక్కే దారి దగ్గర చోటు లేదు, కావాలంటే లోపల చిన్న ట్రైల్ ఏదైనా చూసుకోండి అని. ఆ రోజంతా తిట్టుకుంటూనే ఓ చెరువు ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం.

అమెరికా ఈశాన్య మూలన మెయిన్ రాష్ట్రంలో ఉన్న ఈ బాక్స్‌టర్ స్టేట్ పార్కులో కరెంటు లేదు, కుళాయి లేదు, తారు రోడ్డు లేదు. పన్నెండు మందికి మించి గుంపుగా కొండెక్కకూడదు. జనాన్ని ఇంత ఇబ్బంది పెట్టే పార్కు ఎలా నడుస్తోందా అనిపిస్తుంది. నాకర్థమైనంతవరకు జవాబు డబ్బులో ఉంది.

పెర్సివల్ బాక్స్‌టర్ 1921 నుంచి 1925 వరకు ఆ రాష్ట్రానికి గవర్నర్. కటాడిన్ చుట్టూ ఉన్న భూమిని ప్రభుత్వమే కొనాలని ఎంత మొత్తుకున్నా చట్టసభ వినలేదు. పదవి దిగాక తన ఆస్తిలోంచే డబ్బు తీసి, 1930లో ఓ పేపర్ కంపెనీ నుంచి దాదాపు 6,000 ఎకరాలు కొని, 1931లో రాష్ట్రానికి రాసిచ్చాడు. అక్కడితో ఆగలేదు, 1962 దాకా ముక్క ముక్క కొంటూ 2 లక్షల ఎకరాలు దాటించాడు. ఈ భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని దస్తావేజుల్లో షరతు పెట్టాడు. 1969లో పోతూ పోతూ దాదాపు 70 లక్షల డాలర్ల నిధి వదిలి వెళ్లాడు. ఆ నిధి మీద వచ్చేదీ, ఫీజులూ, ఉత్తరాన ఆయనే అనుమతించిన కొద్ది భాగంలో కలప అమ్మితే వచ్చేదీ కలిపి పార్కు నడుస్తుంది, రాష్ట్ర బడ్జెట్‌కి చెయ్యి చాచక్కర్లేదు. టికెట్ల మీదే బతికే పార్కయితే మమ్మల్ని తిప్పి పంపేదా?

2015లో ఈ మొండితనం వార్తల్లోకెక్కింది. జార్జియాలో మొదలై దాదాపు 2,190 మైళ్లు సాగే అపలేచియన్ ట్రైల్ అనే కాలినడక దారి ఈ కొండ శిఖరం మీదే ముగుస్తుంది. స్కాట్ జ్యూరెక్ అనే దూరపు పరుగుల ఆటగాడు దాన్ని 46 రోజుల్లో పరిగెత్తి రికార్డు కొట్టి, పైన షాంపేన్ పొంగిస్తే, పార్కు వాళ్లు మద్యం, చెత్త, గుంపు అంటూ నోటీసులిచ్చారు. చివరికి మద్యానికి 500 డాలర్లు కట్టించుకుని మిగతావి వదిలేశారు. అంతకుముందే 2014లో, ట్రైల్ నడిచి వచ్చేవాళ్ల తీరు ఇలాగే ఉంటే ట్రైల్ ముగింపు వేరే చోట పెట్టుకోవాల్సి రావచ్చని హెచ్చరిస్తూ ఉత్తరం కూడా రాశారు. అంత శ్రమపడి వచ్చినవాణ్ని సోషల్ మీడియాలో కూడా తలంటడం చిల్లరగా అనిపించింది నాకు. కానీ పాయింటు తప్పు కాదు. కటాడిన్ ఆర్కిటిక్ అనే సీతాకోకచిలుక ప్రపంచంలో ఈ కొండ పైభాగాన తప్ప ఇంకెక్కడా లేదు, దాని గొంగళిపురుగు పెరిగేది మన బూట్లు పడే ఆ గడ్డిలోనే.

ఒకటి మాత్రం నాకు మింగుడుపడదు. చనిపోయిన ఒక ధనవంతుడి షరతులు ఎప్పటికీ చెల్లుతాయి సరే, మరి ఆ పేపర్ కంపెనీ కంటే ముందు కొండ ఎవరిది? ఇక్కడి ఆదివాసులైన పెనాబ్‌స్కాట్ జాతికి కటాడిన్ పవిత్రం. ఇప్పటికీ ఏటా సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు రోజుల్లో వాళ్లు తమ ద్వీపం నుంచి దాదాపు 100 మైళ్లు పరిగెత్తుతూ, పడవలు నడుపుకుంటూ ఇక్కడికొస్తారు. దానపత్రాల్లో మాత్రం దాత పేరొకటే.

ఇంకో తమాషా. బాక్స్‌టర్‌కి కుక్కలంటే ప్రాణం. 1923లో తన గ్యారీ చనిపోతే ప్రభుత్వ భవనం మీద జెండా దించి సగంలో ఎగరేయించాడు, జనం తిట్టినా వెనక్కి తగ్గలేదు. ఆయన పార్కులోకి మాత్రం పెంపుడు కుక్కలకు ప్రవేశం లేదు.

మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాం, ఈసారి ఆరుంపావుకే క్యూలో ఉన్నాం. మా ముందు కారు కిటికీలోంచి ఒక కుక్క తల బయటపెట్టింది. రేంజర్ దాన్ని ముద్దుగా పలకరించి, కారు వెనక్కి తిప్పుకోమంది.