సింకులో జిరాక్సు సెంటర్

ఐసీయూ సింకు మీద ‘చేతులు కడుక్కొనుటకు మాత్రమే’ అని అంటించే స్టిక్కరును మించిన హాస్యరచన ఈమధ్య విశాఖలో వెలువడలేదు. దాని కిందే సగం తాగిన టీ పారబోస్తారు. సెలైన్ సీసాలో మిగిలిన గ్లూకోజు, ఎక్కించగా మిగిలిన మెరోపెనెం అనే యాంటీబయాటిక్, అన్నీ ఆ గొట్టంలోకే. ఆఖర్న చేతులు కూడా కడుగుతారు, సబ్బుంటే.

కింద వంపు తిరిగిన గొట్టంలో, అంటే పీ-ట్రాప్‌లో, ఎప్పుడూ నీళ్లు నిలిచే ఉంటాయి. క్లెబ్సియెల్లా, ఈ-కోలై, సూడోమోనాస్ అనే బాక్టీరియాలు అక్కడ జిగురు పొర కట్టుకుని కాపురం ఉంటాయి. పైనుంచి టీ, గ్లూకోజు దిగితే వాటికి వేళకి టిఫిను అందినట్టే. తిండి అందితే ఆ పొర రోజుకు సుమారు అంగుళం చొప్పున గొట్టం ఎక్కి వస్తుందని 2017లో అమెరికాలోని వర్జీనియాలో ప్రయోగం చేసి కొలిచారు. సింకు నోటి దగ్గరి జల్లెడ దాకా వచ్చాక కుళాయి ధార తిన్నగా దానిమీద పడిందా, చుట్టూ రెండడుగుల పైదాకా చిందుతుంది. మరి మన మహానుభావులు ఇంజెక్షన్లు కలిపే ట్రే ఎక్కడ పెడతారు? సింకు పక్కనే. గట్టు ఖాళీగా ఉంది కదా!

ఇక గొట్టంలో జరిగే వ్యవహారం ముందు కలెక్టరాఫీసు దగ్గరి జిరాక్సు షాపులు దిగదుడుపే.

“ఏటి బావా, మెరోపెనెంని ముక్కలు చేసే కాగితం నీకాడుందట?” అంటుంది ఈ-కోలై.

“అదొక్కటేటి, అమికాసిన్‌ది, సిప్రోది కూడా ఇదే ఫైల్లో ఉన్నాయి. మొత్తం పట్టుకుపో,” అంటుంది క్లెబ్సియెల్లా.

ఫైలంటే ప్లాస్మిడ్, ఉంగరంలాంటి డీఎన్‌ఏ. అందులో ఒక్కో కాగితం ఒక్కో యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు. క్లెబ్సియెల్లా పైలస్ అనే దారం చాచి ఈ-కోలైని దగ్గరికి లాక్కుంటుంది. ఉంగరంలోని రెండు పోగుల్లో ఒకటి తెగి అవతలికి జారుతుంది. ఎవరి దగ్గరున్న పోగుకి వాళ్లు జత పోగు అల్లుకుంటారు. ఇచ్చినవాడికి ఒరిజినల్ పోదు, పుచ్చుకున్నవాడికి కాపీ వస్తుంది. నిమిషాల పని. గెజిటెడ్ సంతకం లేదు, ఓటీపీ లేదు, జాతి వేరైనా పట్టింపు లేదు. సింకులో పారబోసిన మెరోపెనెం ఫైలు లేనివాటిని చంపి, ఉన్నవాటికి జాగా ఖాళీ చేసి పెడుతుంది. పైగా కాగితాలన్నీ ఒకే ఫైల్లో కాబట్టి, సిప్రో వాడినా మెరోపెనెం కాగితం భద్రంగా ఉంటుంది.

బాక్టీరియాలు ఇలా జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయని లెడర్‌బర్గ్, టేటమ్ అనే శాస్త్రవేత్తలు 1946లోనే చెప్పారు. మన మేనేజిమెంట్లకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. 2010లో మాత్రం అలాంటి ఒక కాగితానికి న్యూఢిల్లీ పేరు కలిపి ఎన్‌డీఎం-1 అన్నారని దేశం పరువు పోయినట్టు గోల చేశాం. పేరు మీద వచ్చిన రోషం పైపు మీద రాలేదు.

ఇంత జరిగాక తప్పెవరిది? సిస్టర్‌ది! ఆల్కహాల్ రబ్‌తో చేతులు సరిగ్గా రుద్దుకోవాలంటే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో అయితే 40 నుంచి 60. పేషెంటుని ముట్టే ముందొకసారి, ముట్టాక ఒకసారి. ఒక్క మనిషికి ఆరు మంచాలు అప్పజెప్పి, గోడకి ఖాళీ రబ్ సీసా తగిలించి, ఆ అమ్మాయికి మెమో ఇస్తారా? సిగ్గుండాలి. నెలలు నిండని పసిగుడ్డు కల్చర్ రిపోర్టులో వరసగా ఆర్, ఆర్, ఆర్ (రెసిస్టెంట్, అంటే ఆ మందు పనిచేయదు) అని వచ్చి చివరికి కోలిస్టిన్ అనే మందు ఒక్కటే మిగిలితే, కిడ్నీలకి దెబ్బని తెలిసీ అదే ఎక్కించాలి. ఆ బిల్లు కట్టడానికి చీటీ ఎత్తుకునేది ఏ అనకాపల్లి తండ్రో. స్టిక్కరు అంటించినవాడు కాదు.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. పారబోతకి వేరే సింకు. మందుల ట్రే మీటరు దూరంలో. ధార జల్లెడ మీద పడకుండా కుళాయి పక్కకి. ప్రతి మంచం దగ్గరా నిండు రబ్ సీసా. ఫినాయిల్ పోస్తే పై పొర చస్తుంది, అడుగుది మళ్లీ మొలుస్తుంది. ట్రాప్ మార్చినా గోడలోపలి పైపులోంచి దిగి వస్తుంది.

కానీ అంత తీరికెక్కడ? మే 5న చేతుల పరిశుభ్రత దినోత్సవం. బ్యానరు కట్టాలి, ఫొటోగ్రాఫరుని పిలవాలి, కేకు కోయాలి. క్రీము అంటిన కత్తిని కడగడానికి సింకు పక్కనే ఉంది.