మహారాజశ్రీ శ్లాబు వారికి విన్నపం

మహారాజశ్రీ ఆర్‌.సి.సి. శ్లాబు వారికి, ఒడిశాలోని గంజాం జిల్లా బ్రహ్మపురంలో తమ కింద కాపురముంటున్న ఒక తెలుగు గృహస్థు అనేక నమస్కారాలు చేసి వ్రాసుకొనే విన్నపం.

తమరు మా వీధికి వేంచేసిన కొత్తలో తమకు జరిగిన మర్యాద ఇంటి అల్లుడికి కూడా జరిగి ఉండదు. ఢళేయి నాడు, అంటే కాంక్రీటు పోత పోసిన నాడు, ముహూర్తం చూసి కొబ్బరికాయ కొట్టి, మేస్త్రీకి కొత్త బట్టలు, కూలీలకు భోజనాలు పెట్టి, ఆ తరువాత వారం పది రోజులు తమ నెత్తిన గట్లు కట్టి నీళ్లు నిలిపి తమ తాపం చల్లార్చాము. అటుపై మా తాపం చల్లార్చే పూచీ తమదే కాబోలు అనుకున్నాము. తమరేమో వైశాఖ మాసపు ఎండనంతా పగలు పొట్టన పెట్టుకొని, మేము పక్కలు వేసుకునే వేళకు తీరిగ్గా మా మీదికి వదులుతున్నారు.

తమకు ముందు ఇక్కడ కప్పులు లేకపోలేదు. 1936 ఏప్రిల్‌ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై గంజాం మద్రాసు నుంచి విడిపోయింది గాని, కలవారి ఇళ్ల మీది మద్రాసు మిద్దెలకు ఆ ఉత్తర్వు అందలేదు. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా సున్నంలో పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, బెల్లమూ కరక్కాయా నానిన నీళ్లు చిలకరిస్తూ రోజుల తరబడి కర్రలతో దిమ్మిస కొడితే తయారయ్యే కప్పు అది. ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా రాయిగా మారేది. సన్నని బీట పడితే వాననీటిలో కరిగిన సున్నమే వచ్చి దాన్ని పూడ్చేది. సామాన్యుల పెంకుటిళ్ల సంగతి ఇంకా సులువు. పెంకు పగిలితే ఆ పెంకునే మార్చేవారు, వాసం పుచ్చితే ఆ వాసాన్నే తీసి కొత్తది వేసేవారు, తొలకరికి ముందు ఏటేటా ఇల్లు నేయించుకునేవారు. ఇంటికి జబ్బు చేస్తే చేసిన చోటే వైద్యం జరిగేది; ఆ వైద్యం తెలిసినవాడు పక్క వీధిలోనే ఉండేవాడు.

తమరు వచ్చి, ‘ఇకపై నాకు ఏ సేవా అక్కరలేదు’ అని అభయమిచ్చారు. ఆ ఒక్క మాటకే మేము పడిపోయాము. పెంకులు నేసేవాడు ఆటో తోలడానికి వెళ్లాడు, సున్నం నూరే గానుగలు మూలపడ్డాయి, దూలం ఎంచి తెచ్చే వడ్రంగి ప్లైవుడ్‌ అలమరాలకు దిగాడు. తమరు కూల్చినవి ఇళ్లు మాత్రమే అయితే ఈ ఉత్తరం వ్రాసే పని లేకపోయేది. ఇంటిని బాగుచేసుకోగల మనుషులనే తమరు వీధిలో లేకుండా చేశారు.

తమ మేలు మరిచానని తలచవద్దు. 1999 మహాతుపానులో ఒడిశా తీరాన సుమారు 10 వేలమంది పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్‌ తుపాను మా గోపాలపూర్‌ వద్దనే తీరం దాటినప్పుడు ముందుగానే దాదాపు 10 లక్షలమందిని తరలించారు, వారిలో ఎందరో తమ కిందనే తల దాచుకున్నారు. పూరిపాకల్లో బతికే తెలుగు బెస్తవారికి స్తంభాల మీద నిలిచిన తుపాను ఆశ్రయం ప్రాణదాత. ఆ రాత్రుల కోసం తమరు కావలసిందే, దానికి పేచీ లేదు. పేచీ అంతా మిగతా మూడు వందల అరవై పైచిలుకు రాత్రుల గురించే.

అసలు మాటకు వస్తాను. తమరు రాయి కారు. సిమెంటు అంగీ తొడుక్కున్న ఇనుము. సిమెంటు క్షారగుణం ఉండి, ఉప్పు చేరనంత కాలం ఊచలు క్షేమం. సముద్రం మాకు పట్టుమని 15 కిలోమీటర్లు లేదు; ఉప్పుగాలి లోపలికి చొరబడి ఊచలను తాకితే తుప్పు మొదలవుతుంది, తుప్పు ఇనుము కంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటు కోరుతుంది, ఆ ఒత్తిడికి తమ అడుగుభాగం పెచ్చులుగా ఊడి పడుతుంది. సముద్రపు గాలి సోకే చోట ఊచల మీద సాధారణంగా 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాలని కాంక్రీటు కట్టడాలకు దేశమంతటా ప్రమాణమైన ఐ.ఎస్‌. 456 నియమావళి చెబుతోంది. మా వీధుల్లో చాలా చోట్ల చెక్క మీద ఊచ పరిచి, దాని కింద ఒక గులకరాయి దోపి, అదే నియమమని సరిపెట్టారు. దీనికి తోడు, ఏనాటికో పై అంతస్తు వేస్తామన్న ఆశతో స్తంభాల కొసన వదిలేసిన ఊచలు ఆకాశం వైపు చూస్తూ, వానకు నాని, ఆ తుప్పును సరాసరి స్తంభాల లోపలికి దింపుతున్నాయి. మనుమలు భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో ఫ్లాట్లు కొనుక్కున్నా ఆ ఊచలు మాత్రం వారి కోసం కాచుకొనే ఉన్నాయి.

ఇక తమకు జబ్బు చేస్తే వైద్యం ఏమిటి? ఒక ఊచను తీసి మరొకటి వేయలేము. కాబట్టి పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి, దాని మీద సున్నం వేసి, పండుగ నాటికి బాగుందనిపిస్తాము. లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. వాన కారుతోందని నల్లటి తారు షీట్లు పరిస్తే ఎండాకాలం ఇంకా మండుతుంది, మండుతోందని తెల్ల రంగు వేస్తే రెండు వానలకు నాచు పట్టి నల్లబడుతుంది.

చివరకు మా వీధిలో చాలామంది ఒక ఉపాయం పట్టారు. తమ మీద ఇనుప గొట్టాలు నిలిపి, వాలుగా రేకులు కప్పుతున్నారు. ఎండ తమ మీద పడదు, వాన జారిపోతుంది, నడుమ గాలి ఆడుతుంది. పెంకుటింటికి ఉన్న వాలూ చూరూ అన్నీ ఉన్నాయి, ఖర్చు మాత్రం రెండు కప్పులది. మా ఇంట కూడా వచ్చే నెల ఆ పని పెట్టుకున్నాము. తమ నెత్తిన బోల్టులు దిగేటప్పుడు ఆగ్రహించవద్దు. రేకులవాడు బేరం తేల్చే వరకు, పెచ్చులు ఊడ్చక తప్పదనుకుంటే, మంచం ఉన్న మూలను విడిచి వంటింటి వైపు ఊడ్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పగటిపూట అయితే మరీ మంచిది.

ఇట్లు,
తమ కింద మగ్గుతున్న విధేయుడు