ఒకే సిలబస్ అనే ముందు ఒకటో తరగతి గదిలోకి రండి

దేశమంతా ఒకే సిలబస్ పెడితే పేదింటి పిల్లలకూ ఉన్నోళ్ల పిల్లలకూ తేడా పోతుందని మళ్లీ గట్టిగా వినపడుతోంది. అనేవాళ్ల ఉద్దేశం మంచిదే. ములుగు వైపు ఏజెన్సీ బడిలో ఎస్‌జీటీగా, అంటే ప్రైమరీ టీచరుగా, ఒకటి నుంచి ఐదు దాకా చెప్తున్న నేను మాత్రం దీనికి ఒప్పుకోను.

మూడో తరగతిలో నీళ్ల పాఠం చెప్తూ పొలానికి నీళ్లు ఎట్లొస్తయని అడిగిన. వెనక కూర్చునే పిల్ల, మామూలుగా నోరే విప్పదు, లేచి నిలబడి "తూము ఎత్తితే కాలువల పారుతయి సార్" అన్నది. సుద్దముక్క ఇస్తే కట్ట గీసింది, మత్తడి గీసింది, తూము కింద ఎవరి మడి ముందు తడుస్తదో కూడా చూపించింది. ఆ వారం లెక్కలు ఆ బొమ్మ మీదే చెప్పిన. రామప్ప, లక్నవరం, పాకాల చెరువుల కింద బతికే పిల్లలు వీళ్లు. పాఠం ఢిల్లీలో తయారైతే ఆ పిల్ల అట్లా లేచి నిలబడేదా?

తాడ్వాయి, ఏటూరునాగారం గూడేల్లో ఇంట్లో కోయ మాట్లాడతారు, ఉట్నూరు వైపు గోండి. ఒకటో తరగతిలో అడుగుపెట్టే ఆ పిల్లలకు మన తెలుగు పుస్తకమే పరాయిది. 2022 నుంచి ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. రెండూ వాళ్ల ఇంటి మాట కాదు. దీని మీద ఇంకో మార్పా?

చుట్టుపక్కల బడుల టీచర్లం కూడే కాంప్లెక్స్ మీటింగులో అందరూ నా మాటే అనలేదు. "నీట్ ఎట్లాగూ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల మీదనే కదా, చిన్నప్పటి నుంచే అలవాటు చేస్తే తప్పేంది?" అన్నారొక మేడం. హైస్కూల్లో అంటే నేనూ సరే అంటా. పెద్దపల్లి ఇటుక బట్టీలకు వచ్చే ఒడిశా కూలీల పిల్లల మాట ఇంకో సారు తెచ్చారు. వాళ్లకు కావాల్సింది ఒడియా వచ్చిన టీచరు. పుస్తకం అంతటా ఒకటే అయినా, అది చదివి చెప్పే భాష వాళ్లకు రాకపోతే ఏం లాభం?

1976లో రాజ్యాంగ 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి పోయింది, కేంద్రానికి మాట్లాడే హక్కుంది. లక్ష్యం చెప్పమనండి. మూడో తరగతి దాటేసరికి పిల్లలు అర్థం చేసుకుని చదవాలె, కూడికలు తీసివేతలు చేయాలె. 2021లో కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ చెప్పేదీ అదే, మన రాష్ట్రం తొలిమెట్టు కార్యక్రమం అడిగేదీ అదే. ఆ లక్ష్యానికి ఏ పాఠంతో చేరుకోవాలో ఇక్కడివాళ్లకు వదిలేయాలె. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంటున్నది. ఒకే సిలబస్ అని వాదించేవాళ్లు ముందు అది చదవాలె.

అసలు బాధ వేరే ఉంది. ఏకోపాధ్యాయ బడుల్లో ఐదు తరగతులకూ ఒక్కరే. పొద్దున యాప్‌లో హాజరు, తర్వాత భోజనం రిజిస్టరు, మధ్యలో ఆధార్ సవరణలు. ఆ ఒక్కరు సెలవు పెడితే బడే మూతపడుతుంది. పత్తి ఏరే రోజుల్లో సగం మంది చేన్లలో ఉంటారు, మేడారం జాతర వారం ఒక్కరూ రారు. సిలబస్ ఏదైనా ఈ గదిలో ఇట్లనే నడుస్తుంది. ముందు తరగతికొక టీచర్‌ను ఇవ్వండి.

ఈసారి సిలబస్ మీద కమిటీ వేస్తే ఏజెన్సీలో ఒకటో తరగతి చెప్పే టీచర్లను కూడా కూర్చోబెట్టాలని రాసి ఎంఈవోకు (మండల విద్యాధికారికి) ఇస్తున్నం. మీ మండలంలోనూ సంతకాలు పెట్టి ఇవ్వండి.