శాతం పెరిగినంత మాత్రాన వసూలు పెరిగినట్టా?

“అమెరికా ప్రభుత్వం చేపల పరిశ్రమపై ఏటా ఇష్టం వచ్చినంత రుసుము పెంచి ఖజానా నింపుకుంటోంది” అనే మాట విరివిగా ప్రచారమవుతోంది. దీనికి రుజువుగా అలాస్కాలో కోటా పద్ధతిన పట్టే హాలిబట్, సేబుల్‌ఫిష్ చేపల మీది రుసుమును చూపుతున్నారు కనుక దానినే పరిశీలిద్దాం.

“ఇష్టం వచ్చినంత” అన్నది నిజం కాదు. అమెరికాలో సముద్రపు చేపల వేటను నియంత్రించే మాగ్నుసన్-స్టీవెన్స్ చట్టం ప్రకారం ఈ రుసుము, పట్టిన చేప తొలి అమ్మకంలో పలికిన విలువలో 3 శాతానికి మించరాదు. నిర్వహణకు, తనిఖీలకు, లెక్కల సేకరణకు అయిన ఖర్చు ఆ హద్దు దాటితే, దాటిన మేరకు వేటగాళ్ల నుంచి రాబట్టే వీలు లేదు. వసూలైన సొమ్ము జమయ్యేది కూడా ఇందుకోసమే ఏర్పరచిన ప్రత్యేక నిధికి.

ఇక అసలు చిక్కంతా “పెంచుతున్నారు” అన్న మాటలోనే ఉంది. నిర్వహణ ఖర్చును మొత్తం చేపల విలువతో భాగిస్తే వచ్చేదే ఆ ఏటి శాతం. ఊహకు ఒక లెక్క చూద్దాం: ఖర్చు 20 లక్షల డాలర్లు, చేపల విలువ 10 కోట్లు అయితే రుసుము 2 శాతం. మరుసటి ఏడు ఖర్చు మారకుండా, ధరలు పడి విలువ 8 కోట్లకు దిగితే అది 2.5 శాతమవుతుంది. మొదటి ఏడు 50 వేల డాలర్ల చేప అమ్మినవాడు కట్టింది వెయ్యి. అదే చేపకు రెండో ఏడు 40 వేలే వచ్చినా కట్టేది ఆ వెయ్యే. శాతం పెరిగింది గాని వసూలు పెరగలేదు. అయితే రాబడి తగ్గిన ఏడాది అదే వెయ్యి బరువుగా తోస్తుందన్నది, పైగా డీజిల్, ఎర, కూలి ఖర్చులు తీయకముందు విలువ మీదే రుసుము లెక్కగడతారన్నది న్యాయమైన ఫిర్యాదులే. ప్రచారం చేసేవారు వాటిని వదిలేసి లేని దోపిడీని పట్టుకున్నారు.

“గుట్టుగా పెంచుతారు” అనేది మరో ఆరోపణ. పడవల్లో వెళ్లి వేటను నమోదు చేసే పరిశీలకుల కోసం వసూలు చేసే వేరే రుసుము 2021లో 1.25 నుంచి 1.65 శాతానికి పెరిగిన మాట నిజమే. కానీ దానిపై ఓటు వేసింది, వేట రంగం వారు కూడా సభ్యులుగా ఉన్న ఉత్తర పసిఫిక్ మత్స్య నిర్వహణ మండలి, అదీ బహిరంగ సమావేశంలో. దానికీ చట్టం విధించిన హద్దు 2 శాతం. పైగా అందులో సగం పడవవారిది, సగం చేప కొన్నవారిది. ఈ పంపకం ఊసు ఆ ప్రచారంలో ఎక్కడా లేదు.