మీటర్లు మార్చిన పాపం

మా మారుతి 800లో పెట్రోలు ముల్లు పద్నాలుగేళ్లపాటు సగం దగ్గర నిలబడింది. తాళం తిప్పగానే లేచి అక్కడికి వచ్చేది, ఇక కదిలేది కాదు. ట్యాంకు నిండా పోయించినా సగమే, నడిరోడ్డు మీద చుక్క లేక ఆగిపోయినా సగమే. సుఖదుఃఖాలను సమంగా చూసేవాణ్ణి స్థితప్రజ్ఞుడంటుంది గీత. అంతటి మహానుభావుణ్ణి నేనే చేజేతులా పీకించి, విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇనుము మధ్య వదిలేసి వచ్చాను. నలుగురికీ చెప్పుకుంటే పాపం కొంత తగ్గుతుందంటారు, అందుకే ఈ వ్యాసం.

ఈ కారును ఎరగని పిల్లలకు రెండు ముక్కలు చెప్పాలి. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలను ఇందిరాగాంధీ స్వయంగా అందించారు. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు, నలుగురికి చోటు. పెళ్లికి వెళ్లేటప్పుడు ఏడుగురికి. బండి పొగకు హద్దులు పెట్టే భారత్ స్టేజ్-4 నిబంధనలు రావడంతో 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో కలిపి 13 నగరాల్లో అమ్మకం ఆగింది, 2014 జనవరిలో తయారీయే ఆగింది. మాది 1992 నాటి బండి. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి కదా, ఆ తనిఖీకి ముందు మీటర్లు మార్పించాలని నాకు బుద్ధి పుట్టింది. వినాశకాలే!

అంతవరకు మాకు లోటేమీ లేదు. పెట్రోలు శాఖ నాన్నగారిది. పోయించిన ప్రతి లీటరూ, తిరిగిన ప్రతి కిలోమీటరూ ఆయన చిన్న పుస్తకంలో ఎక్కేవి. లీటరుకు పదహారు కిలోమీటర్ల లెక్కన ట్యాంకులో ఎంత మిగిలిందో మంచం మీద పడుకునే చెప్పేవారు. వేగం శాఖ బండిదే. నలభై దాటితే ఎడమ తలుపు గిలగిలలాడేది. అరవై దగ్గర గ్లవ్‌బాక్సు మూత దానికి వంత పాడేది. డెబ్భై దాటితే వెనక సీట్లో మా అత్తగారు హనుమంతుణ్ణి పిలిచేవారు. ఇంత నమ్మకమైన యంత్రాంగం ఏ జర్మనీ కారులోనైనా ఉందా?

స్పీడోమీటరూ ఉండేది, లేకపోలేదు. దాని మర్మం కాస్త చెప్పాలి, ఎందుకంటే ఆ యంత్రం నాకు ఇష్టం. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ చిన్న అల్యూమినియం గిన్నె, గిన్నెకు ముల్లు. అయస్కాంతమూ గిన్నే ఒకదాన్నొకటి తాకవు. అయినా అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే కరెంటు, పుట్టి గిన్నే తిరగబోతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ లాగులాటలో ముల్లు ఎక్కడ ఆగితే అదే వేగం. 1902లో ఒట్టో షుల్జె అనే జర్మన్ ఇంజినీరు పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. మాటల్లేని అత్తాకోడళ్లు ఒకే వంటింట్లో ఇంటిని నడిపించడం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ తోచదు.

మా కేబులులో గ్రీజు ఎండిపోయింది. ముల్లు నలభైకీ నూట ఇరవైకీ మధ్య ఊయల ఊగేది. అందులో నాకు నచ్చిన అంకెను తీసుకునేవాణ్ణి. గుంటూరు రోడ్డు మీద 110లో వెళ్లానని పదేళ్లుగా చెప్పుకుంటున్నది ఆ ఊయల చలవే.

ఇక ఆటోనగర్ సంగతి. మెకానిక్కు సాయంత్రానికల్లా ఒక పాత బండి మీటర్ల డబ్బా పట్టుకొచ్చి బిగించి, కొత్త కేబులు వేశాడు. తాళం తిప్పాను. కొత్త ముల్లు లేచి, సగం దగ్గర నిలబడింది.

"ఇదీ పాడైందా?" అన్నాను.

"ముల్లుకేం రోగం సార్, ట్యాంకులో ఫ్లోటు పట్టేసింది. అది చెప్పిందే ఇది చూపిస్తుంది" అన్నాడు తాపీగా.

పద్నాలుగేళ్లుగా నేను తిట్టింది ఒక నిజాయితీపరుణ్ణి! లోపల తేలాల్సింది తేలకపోతే పైన ముల్లు ఏం చేస్తుంది? పైవాళ్లు ఫైలు తొక్కిపెడితే కిటికీ దగ్గర కూర్చున్న గుమస్తాను బదిలీ చేసినట్టయింది నా పని. ఆ మాటే మెకానిక్కుతో అన్నాను. ఫ్లోటు మార్చడానికి ఎంతవుతుందో చెప్పాడు.

మార్చాం. ఆ రోజు నుంచి ఇంట్లో శాంతి లేదు. వీధి మలుపు తిరగకముందే "ఏమండీ, పావే ఉంది" అంటుంది మా ఆవిడ. సగం ఉన్నన్నాళ్లూ ఎవరమూ బెంగపడి ఎరగం. గుంటూరు రోడ్డు మీద మళ్లీ వెళ్లి, కాలు పూర్తిగా అదిమాను. కొత్త మీటరు 78 దగ్గర ఆగింది. పక్కన మా అమ్మాయి ఫోను చూసి 71 అంది.

ఆ ఏడు కిలోమీటర్లు మీటరు దొంగలించినవి కావు, చట్టం ఇచ్చినవి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ఈ విషయమే చెబుతుంది. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపవచ్చు, అసలు వేగంలో పదో వంతు, దాని మీద మరో నాలుగు కిలోమీటర్లు. అంటే బండి 100లో పోతుంటే మీటరు 114 అన్నా తప్పులేదు. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పేటప్పుడు మనం పాటించేదీ ఈ నిబంధనే. కాకపోతే ఐక్యరాజ్యసమితి పదో వంతు దగ్గరే ఆగిపోయింది, పాపం.

ఇంకొకటి మరిచాను. పాత మీటరులో 88,140 కిలోమీటర్లు ఉండేవి. ఇప్పుడున్నదానిలో 23,410. బడిలో చేర్చేటప్పుడు వయసు తగ్గించి వేయించినట్టు మా బండి ఒక్క సాయంత్రంలో పడుచుదైంది. నేను మురిసిపోతుండగా నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచి, కారు దాకా నడిచి వచ్చి మీటరు చూసుకున్నారు. వరండాలో కూర్చుని చాలాసేపు తీసివేత వేశారు, తర్వాత భాగహారం.

"64,730 కిలోమీటర్లు తేడా వస్తోంది. పదహారు చొప్పున నాలుగు వేల నలభై అయిదు లీటర్లు. ఆ పెట్రోలు డబ్బు ఏం చేశావురా?"