ఎందుకు రాసుకుంటున్నామో తేలాక యాప్ వెతుక్కుందాం

కొత్త నోట్స్ యాప్ దించుకోగానే చాలామంది చేసే మొదటి పని ఫోల్డర్లు పెట్టుకోవడం. పని, ఇల్లు, డబ్బు, చదువు, ఐడియాలు. వాటికి రంగులు, ట్యాగులు. నెల తిరిగేసరికి ‘ఇతరములు’ అన్న ఫోల్డర్ ఒక్కటే ఉబ్బిపోయి ఉంటుంది, మిగతావి బోసిగా ఉంటాయి. తప్పు యాప్‌దే అనుకుని ఇంకోదానికి మారతారు. ఇల్లలకగానే పండగ కాదు కదా. ఒక నోట్ ఎందుకు రాసుకున్నామో మనకే తెలియనప్పుడు, అది ఎక్కడ ఉండాలో ఏ యాప్ మాత్రం ఏం చెబుతుంది?

కారణం కనిపెట్టడానికి అరగంట చాలు. ఈమధ్య రాసుకున్న 30 నోట్స్ బయటికి తీయండి. స్క్రీన్‌షాట్లు, మనకు మనమే వాట్సాప్‌లో పంపుకున్న మెసేజ్‌లు, కాగితం ముక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్కోదాని పక్కన రెండు సంగతులు రాయండి: దీంతో ఏం చేద్దామనుకున్నాం, ఆ తర్వాత ఒక్కసారైనా తెరిచామా. మొదటిదానికి జవాబు తట్టకపోతే గీత పెట్టి ముందుకు సాగండి. చివరికి కొన్ని గుంపులు తేలతాయి: చేయాల్సిన పనులు, అవసరపడితే చూసుకునే వివరాలు, నేర్చుకోవాలనుకున్నవి, ఏదైనా రాయడానికో తయారుచేయడానికో దాచిన సరుకు, పోతుందేమోనన్న భయంతో పోగేసినవి. అందరిలోనూ అన్నీ ఉంటాయి. ఏది ఎక్కువో చూసుకుని పద్ధతి ఎంచుకోవాలి.

పనుల నోట్స్‌తో వచ్చే చిక్కు చిన్నదే. ‘రేటు మారుతుంది, కనుక్కోవాలి’ అని రాసి ఉంటుంది. ఏ రేటు? ఎవరిని కనుక్కోవాలి? మూడు వారాల తర్వాత రాసినవారికే అంతుపట్టదు. ‘ఇంటి లోన్ వడ్డీ జూన్ 1 నుంచి మారుతోంది, కొత్త వాయిదా ఎంతో శుక్రవారం లోపు బ్యాంకుకు ఫోన్ చేసి అడగాలి’ అని రాస్తే పని సగం అయినట్టే. మనస్తత్వ శాస్త్రవేత్తలు మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో కూడా, మిగిలిపోయిన పని మనసును తొలవడం తగ్గింది దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో తేల్చుకున్నవారికే. బుర్ర తేలికపడాలని రాసేవారు క్రియ, గడువు లేకుండా రాయకపోవడం మంచిది. అది ఉండాల్సిన చోటు కూడా క్యాలెండరే గానీ నోట్‌బుక్ కాదు.

వివరాల నోట్స్‌కు ఫోల్డర్లే అక్కర్లేదు, వెతుకులాటకు దొరికితే చాలు. కాకపోతే తెలుగువాళ్లకు ఇందులో ఒక అదనపు తిప్పలుంది. ఒకరోజు ‘పాస్‌పోర్ట్’ అని, ఇంకోరోజు ‘పాసుపోర్టు’ అని, మరోరోజు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాం. సెర్చ్‌కు ఆ మూడూ ఒకటే అని తెలియకపోవచ్చు. శీర్షికలకు ఏదో ఒక లిపి, ఒక వర్ణక్రమం ఖాయం చేసుకోండి.

నేర్చుకోవడానికి రాసేవారే ఎక్కువ మోసపోతారు. ఉపన్యాసం పొల్లుపోకుండా దించి, ఇంటికొచ్చి అందంగా తిరగరాసి, చదివేశామనుకుంటారు. కళ్లు ఆ పేజీని గుర్తుపడతాయి, అంతే. పేజీ మూస్తే నోట మాట రాదు. 2014లో మనస్తత్వ పరిశోధకులు ముల్లర్, ఓపెన్‌హైమర్ ప్రచురించిన ప్రయోగాల్లో లాప్‌టాప్‌ మీద రాసుకున్న విద్యార్థులు విన్నది విన్నట్టు ఎక్కువ పదాలు దించారు గానీ, అవగాహన ప్రశ్నల్లో చేత్తో రాసినవారికన్నా వెనకబడ్డారు. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఆ తేడా అంత స్పష్టంగా రాలేదు. కాబట్టి పెన్నా కీబోర్డా అన్న తగవు పక్కన పెట్టి, మన మాటల్లోకి మార్చామా లేదా అన్నది చూసుకుంటే మేలు.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ 1950ల్లో రూపొందించిన పేజీ ఇందుకు ఇప్పటికీ పనికొస్తుంది. ఎడమవైపు రెండున్నర అంగుళాలు, అడుగున రెండు అంగుళాలు వదిలి, మిగతా చోట వింటూ రాయాలి. అదే రోజు ఎడమ అంచున ప్రశ్నలు, అడుగున నాలుగు వాక్యాల సారాంశం. మర్నాడు కుడివైపు కప్పేసి ఆ ప్రశ్నలకు పైకి జవాబు చెప్పాలి. తప్పినవాటికి గుర్తు పెట్టి వారం తర్వాత మళ్లీ మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. చాలామంది ఎడమ అంచు గీసి ఖాళీగా వదిలేస్తారు. అసలు చదువు ఆ అంచులోనే ఉంది.

రాయడానికి సరుకు కూడగట్టేవారికి జర్మన్ సామాజికశాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ చీటీల పెట్టె ఆదర్శమైపోయింది. దాదాపు 90 వేల చీటీలు, ఒక్కోదానికి ఒక నంబరు, ఒకదాని నుంచి ఇంకోదానికి దారి. ఆయన జీవితమంతా పుస్తకాలు, వ్యాసాలు రాశాడు, ఆ పెట్టె అందుకోసం పనిచేసింది. ఏమీ రాసే ఉద్దేశం లేనివారు ఆ లంకెలు అల్లడం దేనికో నాకు అర్థం కాదు. రాసే ఉద్దేశం ఉంటే, వచ్చిన చోటును బట్టి కాకుండా వాడబోయే చోటును బట్టి సర్దండి: ‘పుస్తకాల నుంచి’ అన్న ఫోల్డర్ కన్నా ‘వలస వ్యాసం’ అన్నది నయం.

ఇక భయంతో పోగేసినవి. లింకు దాచగానే చదివినంత తృప్తి కలుగుతుంది, చదవడం మాత్రం వాయిదా పడుతుంది. మీ 30లో గీతలు ఎక్కువగా వస్తే ఈ గుంపే పెద్దదని అనుమానించండి. వీటిని సర్దడం వృథా శ్రమ. దాచేటప్పుడే ‘ఇది ఎందుకంటే...’ అని ఒక్క వాక్యం రాయాలని నియమం పెట్టుకుంటే సగం వాటంతటవే రాలిపోతాయి. అందమైన నోట్‌బుక్, మంచి పెన్ను, వరుస తప్పని అక్షరాలు ఇచ్చే ఆనందం కోసమే రాసేవారూ ఉన్నారు. హాయిగా రాసుకోండి, దాన్ని ఉత్పాదకత అని మాత్రం పిలవకండి.

పాత నోట్స్ అన్నీ కొత్త పద్ధతిలోకి మార్చే పని పెట్టుకోకండి. సగంలో విసుగొచ్చి రెండూ చెడతాయి. అన్నింటినీ ‘పాతవి’ అన్న ఒక ఫోల్డర్‌లోకి తోసి, పైన తేదీ వేయండి. అవసరమై వెతికినప్పుడు దొరికినదాన్ని మాత్రం, అప్పటి అవసరానికి తగ్గట్టు తిరగరాసి, కొత్తచోటికి తెచ్చుకోండి.